మాంద్యం వచ్చినప్పుడు డ్రాగ్ స్ట్రిప్‌లో మిగిలేది ఎవరు?

అమెరికాను మహా మాంద్యం ఇంకా పూర్తిగా వదలని రోజుల్లో, 1937లో, దక్షిణ కాలిఫోర్నియాలోని కొన్ని కార్ల క్లబ్బులు ఒక్కతాటి మీదికి వచ్చి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. ఆ క్లబ్బుల్లోని కుర్రాళ్ల దగ్గర ఉన్నవి పాత ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ బండ్లు, 1932లో ఫోర్డ్ మార్కెట్లోకి తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్లు, పాతసామాను కొట్ల నుంచి ఊడదీసి తెచ్చుకున్న విడిభాగాలు. మ్యూరాక్ వంటి ఎండిపోయిన సరస్సుల అడుగునే వారు మైదానంగా చేసుకున్నారు. ఆ సరదా నుంచే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డ్రాగ్ రేసింగ్, అంటే రెండు బండ్లు పక్కపక్కన నిలిచి తిన్నటి దారి మీద సాధారణంగా పావు మైలు పరుగెత్తే పందెం, రూపుదిద్దుకుంది. ఆ దారినే డ్రాగ్ స్ట్రిప్ అంటారు. 1950లో శాంటా ఆనాలోని ఒక విమానాశ్రయంలో టికెట్టు పెట్టి పందేలు నడపడం మొదలైంది. ఆ పాత సంఘంలోనే ఎదిగిన వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు. దాన్నే అందరూ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అంటారు.

అంటే ఈ క్రీడ పుట్టిందే లేమిలో. అలాంటప్పుడు ఆర్థిక వ్యవస్థ కుంగినప్పుడల్లా ఔత్సాహిక రేసర్ల సంఖ్య ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు "డబ్బు లేక" అని ఒక్కమాటలో జవాబు చెప్పడం కుదరదు. 1930లలో ఆ కుర్రాళ్లు బండికి పెట్టిన పెట్టుబడిలో ఎక్కువ భాగం వారి సొంత శ్రమ, కొద్ది భాగమే నగదు. నేటి రేసరు విషయంలో ఈ నిష్పత్తి తలకిందులైంది. ఛాసిస్ ఒకరు తయారుచేసి ఇస్తారు, ఇంజను మరొకరు కట్టి ఇస్తారు, వీటన్నిటినీ మోసే ట్రైలరు, దాన్ని లాగే డీజిల్ పికప్ వాయిదాల మీద వస్తాయి. సరదాలో ఎంత భాగం కొనుగోలుగా మారితే, ఎంత భాగం అప్పు మీద నిలబడితే, మాంద్యానికి అది అంతగా లొంగుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. అయితే మాంద్యం అన్నది ఒకే దెబ్బ కాదని, ఇంధనం, ఉద్యోగం, అప్పు, భూమి అనే నాలుగూ వేర్వేరు సమయాల్లో, కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురుగా కూడా పనిచేస్తాయని గ్రహిస్తే తప్ప ఈ చిక్కుముడి విడిపడదు.

ముందుగా, ఔత్సాహిక రేసరు అంటే ఎవరో స్పష్టం చేసుకోవాలి. టెలివిజన్‌లో కనిపించే టాప్ ఫ్యూయెల్, ఫన్నీ కార్ అనే అత్యంత వేగవంతమైన క్లాసుల వృత్తి జట్లు స్పాన్సర్ల సొమ్ముతో నడుస్తాయి. కంపెనీ చేయి వెనక్కి తీసుకుంటే ఆ జట్టు ఆగిపోతుంది, పత్రికల్లో వార్త వస్తుంది. అమెరికాలో స్పోర్ట్స్‌మన్ రేసర్లుగా పిలిచే ఔత్సాహికుల సంగతి వేరు. వారిలో మెకానిక్కులు, భవన నిర్మాణ కాంట్రాక్టర్లు, లారీ యజమానులు, కర్మాగారాల కార్మికులు, చిన్న వ్యాపారులు ఉంటారు. ఖర్చంతా సొంత జేబులోంచే. వారిలో ఒకరు మానేస్తే వార్త రాదు. శనివారం సాయంత్రం పిట్స్‌లో, అంటే రేసర్లు బండ్లు నిలిపి సిద్ధం చేసుకునే చోట, ఒక ట్రైలరు తక్కువగా కనిపిస్తుంది, అంతే.

వీరిలో అత్యధికులు ఆడేది బ్రాకెట్ రేసింగ్. దీని పద్ధతి తెలియకపోతే మాంద్యం ప్రభావం సగమే అర్థమవుతుంది. ప్రతి డ్రైవరూ తన బండి ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందో ముందే అంచనా వేసి, ఆ అంకెను తెల్లటి షూ పాలిష్‌తో కిటికీ అద్దం మీద రాస్తాడు. దీన్నే డయల్-ఇన్ అంటారు. ఒక బండి మీద 14.20 అని, పక్క వరుసలోని బండి మీద 9.70 అని ఉంటే, నెమ్మది బండికి క్రిస్మస్ ట్రీ అనే దీపాల స్తంభం మీద పచ్చదీపం నాలుగున్నర సెకన్లు ముందుగా వెలుగుతుంది. రాసుకున్న అంకె కన్నా వేగంగా వెళ్లినా ఓటమే, ఎదుటివాడు అంతకన్నా పెద్ద తప్పు చేస్తే తప్ప. గెలుపు వేగానిది కాదు, నిలకడది. పచ్చదీపానికి సెకనులో వెయ్యో వంతుల్లో స్పందించే కాలిది, ప్రతిసారీ ఒకే సమయంలో గమ్యం చేరే బండిది. అందువల్ల పాత కుటుంబ కారు ఒకటి ఈ పందెం కోసమే కట్టిన లక్ష డాలర్ల పొడవాటి బండిని, అంటే డ్రాగ్‌స్టర్‌ను, చట్టబద్ధంగా ఓడించగలదు. డబ్బు కొనిపెట్టే ఆధిక్యం తక్కువగా ఉన్న పోటీ కాబట్టే చమురు సంక్షోభాలు, ధరల పెరుగుదల కలిసి వేధించిన 1970లలో ఇది దేశమంతటా పాతుకుపోయింది. ఆ వ్యాప్తికి చమురు ఒక్కటే కారణమని నేను అనను. ఎవరి బండి వేగమైనదైతే వారే గెలిచే పద్ధతిలో ఖర్చులు అప్పటికే సామాన్యుడికి అందకుండా పోతున్నాయి. కానీ చేతిలో డబ్బు తగ్గిన కాలానికి సరిపడే ఆట అప్పుడు సిద్ధంగా ఉండడం ఈ క్రీడ అదృష్టం.

ఇంధనం ఒక వైపు, ఉద్యోగం మరో వైపు

చాలామంది ఒకే సంఘటనగా చెప్పుకునే 2008 మాంద్యాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. అధికారిక లెక్క ప్రకారం అది 2007 డిసెంబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసింది. ఇంటి నుంచి 200 మైళ్ల దూరంలోని స్ట్రిప్‌కు ట్రైలరు లాక్కుంటూ వెళ్లే రేసరు ఒకరిని ఊహించుకోండి. రానూపోనూ 400 మైళ్లు. బరువు లాగుతున్న పికప్ గ్యాలనుకు 10 మైళ్లు ఇస్తుందనుకుంటే 40 గ్యాలన్లు కావాలి. 2008 జులై మధ్యలో అమెరికాలో డీజిల్ సగటు ధర గ్యాలనుకు 4.76 డాలర్లకు చేరింది. అంటే రేసు మొదలు కాకముందే 190 డాలర్లు దారి ఖర్చు. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2009 మార్చిలో, అదే డీజిల్ 2 డాలర్ల స్థాయికి పడిపోయింది. అదే ప్రయాణానికి 80 డాలర్లు చాలు.

దారి ఖర్చు సగానికి పైగా తగ్గింది కదా, మరి 2009లో పిట్స్ కళకళలాడాలి. అలా జరగకపోవడానికి కారణం ఆ ఎనిమిది నెలల్లో నిరుద్యోగ రేటు 5.8 శాతం నుంచి 8.7 శాతానికి ఎగబాకడం. 2009 అక్టోబరుకు అది 10 శాతాన్ని తాకింది. చమురు చవక కావడానికీ జనం ఉద్యోగాలు పోవడానికీ మూలం ఒక్కటే: సరుకులకు గిరాకీ కుప్పకూలడం. 2008 వేసవిలో రేసరును ఇంట్లో కూర్చోబెట్టింది పెట్రోలు బంకు. 2009 వేసవిలో కూర్చోబెట్టింది ఉద్యోగం పోతుందన్న భయం. ఈ రెండింటినీ కలిపి "మాంద్యం దెబ్బ" అనేస్తే రెండూ అర్థం కావు. మొదటి రకం దెబ్బకు దగ్గరి స్ట్రిప్‌కు మారడం విరుగుడు. రెండో రకానికి అలాంటి విరుగుడు లేదు.

భయం అన్న మాటను ఊరికే వాడలేదు. ఉద్యోగం పోయినవారి కన్నా, పోతుందేమోనని లెక్కలు వేసుకునేవారి సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. పది మందిలో ఒకరు నిరుద్యోగి అయితే మిగతా తొమ్మిది మందీ మామూలుగా రేసుకు వస్తారనుకోవడం పొరపాటు. అదనపు గంటల పని ఆగిపోయినవాడికి నెల జీతం వస్తూనే ఉంటుంది, కానీ రేసు ఖర్చు నడిచేది ఆ అదనపు గంటల సొమ్ముతోనే. జీతం ఇంటి వాయిదాకు, ఓవర్‌టైమ్ రేస్ కారుకు అన్న పంపకం ఈ వర్గంలో చాలా ఇళ్లలో ఉన్నదే.

ఎవరు ఏ పని చేస్తారన్నది కూడా ఇక్కడ ముఖ్యం. 2006లో శిఖరానికి చేరిన నిర్మాణ రంగంలో అప్పుడు దాదాపు 77 లక్షల మంది పనిచేసేవారు. 2011 నాటికి ఆ సంఖ్య 55 లక్షల దరిదాపులకు పడిపోయింది. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరాయి. మిషిగన్‌లో ఆ ఏడాది నిరుద్యోగం 13 శాతం దాటింది. డ్రాగ్ రేసింగ్‌కు గట్టి పట్టున్న ప్రాంతాల్లో మిషిగన్, ఒహాయో, ఇండియానా ముందు వరుసలో ఉంటాయి. పందెం బండికి డ్రైవరును, మెకానిక్కును, యంత్రశాలలో ఇంజను బ్లాక్ కోసిపెట్టే పనివాడిని ఇచ్చింది ఈ వృత్తులే. దెబ్బ తగిలింది సగటు అమెరికన్‌కు మాత్రమే కాదు, ఈ క్రీడను మోసే వర్గానికే సూటిగా తగిలింది.

దీనికి తోడు ఇల్లు. 2000ల మొదటి సగంలో ఇళ్ల ధరలు పెరుగుతున్నంత కాలం, పెరిగిన విలువ మీద బ్యాంకులు సులువుగా అప్పులిచ్చాయి. ఆ సొమ్ము వంటగది మరమ్మతులకు వెళ్లినట్టే ట్రైలర్లకు, మోటార్ హోములకు, కొత్త ఇంజన్లకు కూడా వెళ్లింది. ఇళ్ల ధరలు కూలాక ఆ ఊట ఎండిపోయింది. తీసుకున్న అప్పు మాత్రం మిగిలింది. గోరుచుట్టు మీద రోకలి పోటన్నట్టు, అమ్ముదామనుకున్న ట్రైలరుకు కూడా అప్పుడు కొనేవాళ్లు లేరు.

మానేయడానికి ముందు మెట్లు దిగడం

చెడ్డ సంవత్సరంలో రేసరు ఒక్క పెట్టున మానేయడు. ముందు దూరపు రేసులు తగ్గిస్తాడు. డివిజన్ (ప్రాంతీయ) స్థాయి పాయింట్ల కోసం మూడు నాలుగు రాష్ట్రాలు తిరిగేవాడు సొంత ఊరి స్ట్రిప్‌కే పరిమితమవుతాడు. హోటలు మాని ట్రైలరులోనే పడుకుంటాడు. అందరికీ 8.90 సెకన్లే లక్ష్యంగా ఉండే సూపర్ కాంప్ వంటి క్లాసులో ఆడేవాడు ఇంటి దగ్గరి బ్రాకెట్ పందేనికి దిగివస్తాడు. పావు మైలు స్ట్రిప్‌ను వదిలి, 660 అడుగుల ఎయిత్ మైలు స్ట్రిప్‌ను ఎంచుకుంటాడు. దూరం సగమైతే ఇంజను పూర్తి ఒత్తిడిలో పరుగెత్తే సమయం తగ్గుతుంది, వాల్వ్ స్ప్రింగులు, గేర్ బాక్సు ఎక్కువ కాలం మన్నుతాయి. అసలు ఖర్చు శనివారం నాడు కనిపించే ఎంట్రీ ఫీజులో, ఇంధనంలో లేదు. ప్రతి పరుగుకూ కొద్దికొద్దిగా అరిగిపోయే భాగాల్లో ఉంది. శీతాకాలంలో ఇంజను విప్పి సరిచేయాల్సి ఉంటే "ఈ ఒక్క సీజనూ లాగిద్దాం" అనుకుంటాడు. కొందరికి అది లాగుతుంది. కొందరికి జులైలో ఒక కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు పక్కనుంచి బయటికి పొడుచుకువస్తుంది, అక్కడితో ఆ సీజను మాత్రమే కాక ఆ రేసరు ప్రస్థానం కూడా ముగియవచ్చు. పొదుపు కోసం వాయిదా వేసిన మరమ్మతే అసలుకు ఎసరు పెట్టడం ఈ క్రీడలో తరచూ కనిపించే విషాదం.

ఈ మెట్ల వల్ల మాంద్యం ప్రభావాన్ని కొలవడం కష్టమవుతుంది. స్ట్రిప్ యజమాని లెక్కపెట్టేది ఎంట్రీలను, మనుషులను కాదు. సీజనుకు 15 సార్లు వచ్చే వంద మంది 10 సార్లే వస్తే, ఎంట్రీలు మూడో వంతు పడిపోతాయి, రేసర్లు మాత్రం ఒక్కరూ తగ్గనట్టే. అలాగే ఒకే మనిషి రెండు బండ్లతోనో, ఒకే బండితో రెండు క్లాసుల్లోనో దిగితే ఎంట్రీలు రెండు, మనిషి ఒక్కడే. పెద్ద రేసులు బోసిపోతున్న వేసవిలోనే ఊరి స్ట్రిప్‌లో వారం మధ్య జరిగే టెస్ట్ అండ్ ట్యూన్ రాత్రులకు జనం పెరగవచ్చు. అక్కడ రోడ్డు మీద తిరిగే మామూలు కారుతోనే చిన్న రుసుము కట్టి పరుగులు తీసుకోవచ్చు కదా. కాబట్టి "మాంద్యంలో పాల్గొనేవారు తగ్గారు" అనే వాక్యం ఎక్కడ విన్నా, ఏ మెట్టు మీద నిలబడి లెక్కపెట్టారని అడగడం మంచిది. పై మెట్టు ఖాళీ అయిందని చెప్పేవారిదీ, కింది మెట్టు నిండిందని చెప్పేవారిదీ ఒకే కాలంలో నిజం కావచ్చు.

నిజంగా వెళ్లిపోయేవాడిని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. అతడు ముందు ఇంజను అమ్ముతాడు. రేస్ కారు మొత్తంగా కొనేవారు తక్కువ, మంచి ఇంజను, గేర్ బాక్సు విడివిడిగా త్వరగా అమ్ముడుపోతాయి. మిగిలిన బండిని రోలర్ అంటారు. చక్రాల మీద దొర్లుతుంది, నడవదు. గ్యారేజీలో స్టాండుల మీద గుడ్డ కప్పుకుని ఉన్న రోలర్ యజమాని దృష్టిలో మళ్లీ మొదలుపెడతానన్న వాగ్దానం. లెక్కల దృష్టిలో మాత్రం తిరిగి రావడానికి పెరిగిన ధర. అమ్మినప్పుడు వచ్చిన డబ్బు కన్నా మళ్లీ కొనేటప్పుడు పెట్టాల్సిన డబ్బు దాదాపు ఎప్పుడూ ఎక్కువే, ఎందుకంటే అందరూ అమ్మేటప్పుడు ఇతడూ అమ్మాడు, అందరూ కొనేటప్పుడు ఇతడూ కొనాలి.

అదే కాలంలో చేతిలో నగదు ఉన్న మరొకడికి ఈ మార్కెట్టు పండగ. కట్టించుకుంటే అయ్యే ఖర్చులో చిన్న భాగానికే పూర్తి బండి దొరుకుతుంది. కొత్తవారు కొందరు ఈ క్రీడలోకి ప్రవేశించేది సరిగ్గా ఇలాంటి చెడ్డ సంవత్సరాల్లోనే. బండ్లు మాయం కావు, చేతులు మారతాయి. మారేటప్పుడు అవి అప్పు మీద నడిచే చేతుల నుంచి అప్పు లేని చేతుల్లోకి, తరచుగా పడుచు చేతుల నుంచి వయసు మళ్లిన చేతుల్లోకి వెళ్తాయని నా అభిప్రాయం. అదే నిజమైతే, తలల లెక్క కోలుకున్న తర్వాత కూడా పిట్స్‌లో సగటు వయసు పెరిగే ఉంటుంది.

తిరిగి రావడానికి అడ్డుపడే ఖర్చుల్లో బయటివారికి తెలియనిది గడువు తేదీలది. భద్రతా నియమాల ప్రకారం డ్రైవరును సీటుకు బిగించి ఉంచే బెల్టులు తయారైన తేదీ నుంచి రెండేళ్లకే కాలం చెల్లుతాయి. వాడినా వాడకపోయినా అంతే. పావు మైలును 9.99 సెకన్లలో గానీ అంతకన్నా వేగంగా గానీ దాటే బండికి సాధారణంగా ఛాసిస్ తనిఖీ ముద్ర ఉండాలి, దాన్ని నియమిత కాలానికి మళ్లీ వేయించుకోవాలి. డ్రైవరుకు లైసెన్సు, వైద్య పరీక్ష ఉండాలి. హెల్మెట్టుకు కూడా ఒక ఆయుష్షు ఉంటుంది. రెండు సీజన్లు ఇంట్లో కూర్చున్నవాడు మూడో ఏడు బండి బయటికి తీస్తే, ఒక్క పరుగైనా తీయకముందే ఇవన్నీ కొత్తగా చేయించుకోవాలి. నెమ్మది బండ్లకు ఈ భారం చాలా తక్కువ. అందుకే 12 సెకన్ల బండివాడు మాంద్యం తర్వాత తొందరగా తిరిగి వస్తాడు, 8 సెకన్ల బండివాడు ఆలస్యం చేస్తాడు.

పిల్లల విషయంలో ఆలస్యానికి విలువే వేరు. 1992లో మొదలైన జూనియర్ డ్రాగ్ రేసింగ్ లీగ్‌లో సగం కొలతల బుల్లి డ్రాగ్‌స్టర్లతో 5 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు పోటీపడతారు. పదేళ్ల పాపకు రెండు సీజన్లు పోతే అవి పోయినట్టే, పెద్దల్లాగా "వచ్చే ఏడు చూద్దాం" అనే వెసులుబాటు లేదు. ఈ మధ్యలో ఆ పాప మనసు వేరే ఆటల మీదికి మళ్లితే, ఆ కుటుంబం మొత్తం శనివారాలు కూడా అటే మళ్లుతాయి.

స్ట్రిప్ యజమాని ముడి

ఇప్పటిదాకా రేసరు వైపు నుంచి చూశాం. స్ట్రిప్ వైపు నుంచి చూస్తే మరో వలయం కనిపిస్తుంది. పెద్ద జాతీయ రేసులకు ప్రేక్షకుల టికెట్లే ఆధారం. వారం వారం జరిగే బ్రాకెట్ రేసుకు ప్రేక్షకులు నామమాత్రం. అక్కడ ఆదాయం వచ్చేది వెనక గేటు నుంచి, అంటే రేసర్ల ఎంట్రీ ఫీజుల నుంచే. బహుమతి సొమ్ము కూడా అందులోంచే తీస్తారు. ఆడేవారే ప్రేక్షకులు, పోషకులు, బహుమతి దాతలు కూడా.

ఉదాహరణకు ఒక శనివారం 200 బండ్లు తలా 50 డాలర్లు కడితే 10,000 డాలర్లు చేరతాయనుకుందాం. బండ్లు 140కి తగ్గితే 7,000. కానీ బీమా ప్రీమియం, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది, దీపాలు, టైమింగ్ మనుషులు 200 బండ్లకు ఎంతో 140 బండ్లకూ అంతే. కాబట్టి తగ్గిన 3,000 డాలర్లూ ఖర్చుల్లోంచి కాక బహుమతిలోంచో యజమాని జేబులోంచో పోవాలి. బహుమతి తగ్గిస్తే దూరం నుంచి వచ్చేవారు ఆగిపోతారు. ఫీజు పెంచితే దగ్గరివారు ఆగిపోతారు. మూడో దారి మరీ ప్రమాదకరం: స్ట్రిప్ మీద టైర్లు పట్టు దొరకబుచ్చుకోవడానికి చల్లే జిగురు మందులో పొదుపు చేయడం. పట్టు తగ్గితే బండ్లు ఒక్కో పరుగుకు ఒక్కో సమయం చూపిస్తాయి, డయల్-ఇన్ మీద నడిచే ఆటలో అది పేకముక్కలు చూడకుండా పందెం కాయడంతో సమానం. ఒక్కసారి అలా దెబ్బతిన్న రేసరు మళ్లీ ఆ గేటు తొక్కడు.

ఇందులో ఒక చిన్న తమాషా ఉంది. స్ట్రిప్ యజమాని బహుమతిని ముందే ఇంత అని హామీ ఇచ్చేసి ఉంటే, బండ్లు తగ్గడం మిగిలినవారికి లాభమే. 128 బండ్లుంటే గెలవడానికి ఏడు రౌండ్లు దాటాలి, 64 ఉంటే ఆరే. మాంద్యంలోనూ పట్టు వదలని ఆరితేరిన రేసర్లు ఇది గమనించి, హామీ ఉన్న రేసులను వెతుక్కుంటూ వెళ్తారు. యజమాని నష్టం వారి ఆదాయం. ఇది ఎన్ని వారాలు సాగుతుందో చెప్పనక్కరలేదు. ఆ తర్వాత ప్రకటనల్లో "ఇన్ని బండ్లు వస్తేనే ఈ బహుమతి" అన్న షరతు చేరుతుంది. రేసర్లు కూడా తమలో తాము నష్టభయాన్ని పంచుకుంటారు. ఫైనల్‌కు చేరిన ఇద్దరూ బహుమతిని ముందుగానే సమంగా పంచుకోవడానికి ఒప్పుకోవడం బ్రాకెట్ లోకంలో పాత అలవాటు. విడిభాగాల కంపెనీలు తమ స్టిక్కరు అంటించుకుని గెలిచినవారికి ఇచ్చే ప్రోత్సాహక సొమ్ము మాత్రం కంపెనీల అమ్మకాలతో పాటే సన్నబడుతుంది.

అన్ని మాంద్యాలూ ఒకేలా ఉండవు

2020 నాటి మాంద్యం ఈ లెక్కలన్నిటినీ పక్కకు తోసింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండు నెలలే సాగిన అది అమెరికా చరిత్రలో అతి చిన్న మాంద్యం, అయినా ఏప్రిల్‌లో నిరుద్యోగం 14 శాతం దాటింది. మార్చిలో ఆగిపోయిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జాతీయ సీజను జులైలో ఇండియానాపొలిస్‌లో తిరిగి మొదలైంది. 2009తో పోలిస్తే ఇక్కడ రెండు తేడాలున్నాయి. ప్రభుత్వం మనిషికి 1,200 డాలర్ల వరకు నేరుగా పంపింది, నిరుద్యోగ భృతి పెంచింది. ఇళ్ల ధరలు పడలేదు సరికదా పెరిగాయి. పైగా సినిమా హాళ్లు, విమాన ప్రయాణాలు, పెళ్లిళ్లు ఆగిపోయిన కాలంలో, ఆరుబయట ఎవరి ట్రైలరు దగ్గర వారు ఉండే ఆట మీద ఖర్చు పెట్టడానికి సమయం, డబ్బు రెండూ మిగిలాయి. నిరుద్యోగ రేటు ఒక్కటే చూసి పిట్స్ ఎలా ఉంటాయో ఊహించబోయేవారికి 2020 మంచి హెచ్చరిక.

దెబ్బ రెండేళ్ల తర్వాత వేరే దారిలో వచ్చింది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి, డీజిల్ గ్యాలనుకు 5.80 డాలర్ల స్థాయికి చేరాయి. పైన వేసిన లెక్క ప్రకారం అదే 400 మైళ్ల ప్రయాణానికి 230 డాలర్ల పైమాటే. రేసు టైర్లకు, ఇంజను భాగాలకు నెలల తరబడి ఎదురుచూపులు. అప్పుడు నిరుద్యోగం 3.6 శాతమే. ఆర్థికవేత్తల పుస్తకంలో అది మాంద్యం కాదు. ట్రైలరు లాగేవాడి పుస్తకంలో 2008 వేసవికీ దీనికీ పెద్ద తేడా లేదు.

చివరిగా భూమి. స్ట్రిప్‌లు మాంద్యంలో మూతపడతాయని చాలామంది అనుకుంటారు, కానీ పేరున్న స్ట్రిప్‌ల చరిత్ర చాలావరకు ఇందుకు విరుద్ధం. 1965లో తెరిచిన న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్క్ 2018 జనవరిలో డ్రాగ్ రేసింగ్‌కు స్వస్తి చెప్పింది. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ స్ట్రిప్ 2022లో, హ్యూస్టన్ స్ట్రిప్ 2023 వసంతంలో, 1958 నుంచి నడిచిన కొలరాడోలోని బాండిమేర్ స్పీడ్‌వే అదే ఏడాది చివర తమ తమ స్థలాల్లో రేసులు ఆపేశాయి. ఆ మూడేళ్లలోనూ అమెరికాలో నిరుద్యోగం 4 శాతం దరిదాపుల్లోనే ఉంది. నగరం స్ట్రిప్ దాకా విస్తరించి, గోదాముల వారూ ఇళ్ల బిల్డర్లూ స్థలానికి మంచి ధర పలికేది ఆర్థిక వ్యవస్థ పరుగెడుతున్నప్పుడే. చెడ్డ కాలంలో ఆ భూమి కొనేవాడు లేక, నష్టాల్లోనైనా స్ట్రిప్ నడుస్తూ ఉంటుంది. మాంద్యం రేసర్లను ఇంటికి పంపుతుంది, వారు తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. మంచి కాలం స్ట్రిప్‌నే తీసుకుపోతుంది, ఒకసారి గోదాము లేచిన చోట మళ్లీ పావు మైలు తారు పడదు.

ఈ రెండూ కలిసే చోటు దూరం. ఇంటికి 40 మైళ్లలో ఉన్న స్ట్రిప్ మూతపడి, తర్వాతిది 150 మైళ్ల దూరంలో ఉంటే, గ్యాలనుకు 10 మైళ్ల లెక్కన రానూపోనూ 8 గ్యాలన్లతో అయ్యే పని 30 గ్యాలన్లకు చేరుతుంది. మంచి కాలంలో ఆ 22 గ్యాలన్ల తేడాను రేసరు గొణుక్కుంటూనైనా భరిస్తాడు. డీజిల్ ధర మళ్లీ ఎగిరినప్పుడు, దగ్గరి స్ట్రిప్‌కు మారడమనే మొదటి మెట్టు అతడికి ఉండదు. నేరుగా రెండో మెట్టు మీదికి, అంటే రేసులు మానుకోవడం మీదికే దిగాల్సి వస్తుంది.